రెండు రాజ్యాల పొలిమేర

ఎడిటర్ గారు ఫోన్లో అప్పజెప్పిన పని సూటిగానే ఉంది. ఫిబ్రవరి 2 ప్రపంచ చిత్తడి నేలల దినోత్సవం గనక, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో మున్సిపాలిటీలు, పంచాయతీలు తమ చెరువులను ఎలా కాపాడుకుంటున్నాయో తిరిగి చూసి రాయాలి. అధికారులను కలవాలి, ఫొటోలు తీయాలి, పథకాల పేర్లు తప్పుల్లేకుండా ఇవ్వాలి. కలిశాను, తీశాను. పథకాల పేర్లు రాసుకున్న నోటుపుస్తకం కూడా ఉంది: నీరు-చెట్టు, అమృత్ సరోవర్, ఇంకా ఏవేవో. దాన్ని పక్కన పెట్టి ఒక లస్కర్ గురించి రాయబోతున్నాను. తిరిగినంతసేపూ ‘నా చెరువు’ అన్న మనిషి అతనొక్కడే. ఆ చెరువు కింద అతనికి సెంటు భూమి లేదు. చేస్తున్న ఉద్యోగానికి సరైన కాగితం కూడా లేదు.

ముందు నంద్యాల సంగతి చెప్పి ముగిస్తాను. పొద్దున్నే చిన్నచెరువు కట్ట మీదికి పోయాను. వినాయక చవితి తర్వాత ఊళ్లోని బొమ్మలన్నీ తరలివచ్చేది ఇక్కడికే. మిగతా రోజుల్లో కట్ట వాకింగ్ వాళ్లది. రిటైరైన హెడ్మాస్టర్లు, బ్యాంకు ఉద్యోగులు, మోకాళ్ల నొప్పులకు డాక్టరు నడవమన్న ఆడవాళ్లు. పత్రిక నుంచి వచ్చానని తెలియగానే నలుగురు చుట్టూ చేరారు. కుక్కలు ఎక్కువయ్యాయని అందరి ఫిర్యాదూ. కొబ్బరిబోండాల బండిని కట్ట మీదికి రానివ్వాలని ఒకాయన, రానివ్వకూడదని ఇంకొకాయన కాసేపు వాదించుకున్నారు. నీళ్ల మాట ఎవరూ ఎత్తలేదు. నేనే ఎత్తాను, ఈ చెరువులోకి నీళ్లు ఎటునుంచి వస్తాయండీ అని. వానకు నిండుతుందన్నాడు ఒకాయన. కేసీ కాలువ నుంచన్నాడు రెండో ఆయన. "మున్సిపాలిటీ వాళ్లు వదుల్తారు" అన్నాడు మూడో ఆయన, కుళాయి తిప్పి చూపిస్తున్నట్టు చెయ్యి తిప్పుతూ.

వాళ్లను తప్పుపట్టను. ఊరు చెరువు చుట్టూ పెరిగేసరికి వాళ్లకు మిగిలింది కట్ట, దాని మీది నుంచి కనిపించే నీళ్లు. కానీ చెరువంటే నీళ్లున్న జాగా ఒక్కటే కాదు. నీళ్లు రావడానికో దారి, పోవడానికో దారి, ఎక్కువైన ఏడాది పరుచుకోవడానికో నేల ఉండాలి. ఇవి లేకుండా నీళ్లు నిలబడితే దాన్ని తొట్టి అంటారు. బెంచీలు వేసి, రంగుదీపాలు పెట్టి, చుట్టూ గోడ కట్టి చెరువును కాపాడామనుకోవడం మన పట్టణాలన్నిటికీ పట్టిన జబ్బు. నంద్యాల ఒక్కదాన్నీ అనడానికి లేదు.

ఈ ఊరికి ఆ మూడు సంగతులూ తెలియకపోవడం మాత్రం విడ్డూరమే. నంద్యాల కుందూ ఒడ్డు ఊరు, మద్దిలేరు వచ్చి కుందూలో కలిసేది ఇక్కడే. తూర్పున నల్లమల మీద గట్టి వాన పడితే ఆ నీళ్లన్నీ ఈ పల్లానికే దిగుతాయి. 2019 సెప్టెంబరులో మహానంది గుడిలోకే వరద వచ్చి, కోనేరేదో ప్రాంగణమేదో తెలియకుండా పోయింది. అదే మహానంది మామూలు రోజుల్లో చూడండి. కోనేటి అడుగున రూపాయి బిళ్ల కూడా కనిపించేంత తేటగా ఉంటాయి నీళ్లు. ఊట ఎప్పుడూ ఊరుతుంటుంది, ఊరిన నీళ్లు అక్కడే మురగకుండా బయటికి పారి అరటితోటలకూ వరిమళ్లకూ పోతాయి. పోయే దారి తెరిచి ఉంది కాబట్టే తేటగా ఉంది. వరద వచ్చినప్పుడు నెల రోజులు ఊళ్లో అందరూ వంకల ఆక్రమణల గురించి మాట్లాడతారు. తర్వాత మళ్లీ కుక్కల గురించి.

అదే రోజు ఒక ప్రభుత్వ కార్యాలయంలో (ఏదని అడక్కండి, ఏదైనా ఒకటే) గుమాస్తా ఒకాయన చెరువు లెక్క ఇలా విడమరిచి చెప్పాడు. చెరువు అడుగున ఉన్న నేల రెవెన్యూ వాళ్లది. దాని మీద నిలిచిన నీళ్లు ఇరిగేషన్ వాళ్లవి, అదీ ఆయకట్టు వంద ఎకరాలు దాటితేనే. లోపయితే పంచాయతీవి. నీళ్లలో చేపలకు మళ్లీ వేరే లెక్క, చిన్న చెరువయితే పంచాయతీ వేలం, పెద్దదయితే మత్స్యశాఖ. కట్ట మీద నడిచే దారి, దీపాలు, చెత్త ఊరు పట్టణమయితే మున్సిపాలిటీవి. ఏ వలస పిట్టో వచ్చి వాలితే అది అడవి శాఖది. "మరి చెరువు ఎవరిదండీ?" అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అదే కదా సార్ చెప్తున్నా" అన్నాడు.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు శిరివెళ్ల మీదుగా రోడ్డు. రెండు పక్కలా నల్లరేగడి. శనగ పీకి కుప్పలు వేస్తున్నారు. ఎండిన చోట నేల అరచెయ్యి పట్టేంత బీటలిచ్చింది. ఈ రేగడి సంగతి తెలియని వాళ్లకు ఒక మాట చెప్పాలి. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే బీటలు వారుతుంది. దీంతో వేసిన చెరువుకట్టను ఏడాదికోసారైనా చూసుకోకపోతే బీటల్లోంచే నీళ్లు దారి చేసుకుంటాయి. ఇంకా తూర్పుకు, నల్లమల అంచున తెలుగుగంగ కాలువ పోతుంది. కాలువ నీళ్లొచ్చాక చెరువులెందుకు అనే మాట ఈ ప్రాంతంలో బాగా చెల్లుబాటైంది. కాలువ నీళ్లు రాని ఏడాది మాత్రం అందరికీ చెరువు గుర్తొస్తుంది.

ఆళ్లగడ్డ నుంచి అహోబిలం పోయే వైపు ఒక ఊళ్లో దిగాను. ఊరి పేరు రాయను. రాస్తే ఆ లస్కర్ ఎవరో తెలిసిపోతుంది, అతను చెప్పినవన్నీ పై వాళ్లకు నచ్చేవి కావు.

లస్కర్లంటే కాలువల మీదా చెరువుల మీదా షట్టర్లు ఎత్తీ దించీ, గండ్లు పడకుండా కాపలా కాసే మనుషులు. ఇతనికి అరవైకి దగ్గర వయసు. నేను కట్ట ఎక్కేసరికి తూము మీది చిన్న దిమ్మె దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. పక్కన డబ్బాలో నల్లటి నూనె. గ్రీజు సరఫరా లేదట. ఆళ్లగడ్డలో ట్రాక్టరు మెకానిక్ దగ్గర పాత ఇంజనాయిలు అడిగి తెచ్చుకుంటాడు. గుడ్డపీలిక దాంట్లో ముంచి స్క్రూ రాడ్డు మరల్లోకి వేలితో తోస్తున్నాడు. ఒక్కొక్క మరా, పై నుంచి కిందికి, తొందర లేకుండా. ఎడమ బొటనవేలికి గోరు లేదు. ఎప్పుడో చక్రం జారి నలిపేసింది. గోరు పోయిన ఆ మొద్దు వేలే మర గాడిలో సరిగ్గా ఇముడుతోంది, దాంతోనే నూనె లోపలికి అదుముతున్నాడు.

తర్వాత లేచి చక్రం పట్టుకున్నాడు. చేతులతో తిప్పుతాడనుకున్నాను. ముందు నడుం తిప్పాడు, చేతులు వెనకాల వచ్చాయి. చక్రం పావు చుట్టు కదిలి ఆగింది. వదిలేసి అరచెయ్యి రాడ్డు మీద ఆనించాడు. అట్లా కాసేపు ఉన్నాడు, నాడి చూసే వైద్యుడి మాదిరి, కళ్లు ఎటో పెట్టి.

"కవరు సార్" అన్నాడు.

"ఏం కవరు?"

"ప్లాస్టిక్కు కవరు. షట్టరు కింద తగులుకుండాది. రాయి తగులుకుంటే టకటక అంటాది. కట్టె అయితే గుంజుతాది. కవరయితే ఊరికే వణుకుతాది. నువ్వే చెయ్యి పెట్టి చూడు."

పెట్టాను. చల్లటి ఇనుము, అంతే. నాకేమీ తెలియలేదు. అతను పొడుగాటి వెదురు కర్ర తీసుకుని, చివరన కట్టిన కొక్కెంతో తూము ముందర కాసేపు కెలికాడు. బయటికి లాగింది ఎరువుల సంచి. దాన్ని చూపించి గెలిచినట్టు నవ్వలేదు గానీ, "కవరే కదా, కొంచెం పెద్దది" అన్నాడు. ఈసారి చక్రం తిరిగింది. కింద కాలువలోకి నీళ్లు ఎర్రగా వచ్చి, తర్వాత తేటబడ్డాయి. ఎంత ఎత్తాలో కొలత ఏమీ లేదా అంటే, రాడ్డు మీద తను ఆకురాయితో గీసుకున్న గీతలు చూపించాడు. ఒక గీతకు ఫలానా మళ్ల దాకా తడి అందుతుంది, రెండో గీతకు చివరి మడి దాకా. చెరువు నిండుగా ఉంటే ఒక లెక్క, ఇట్లా ఫిబ్రవరిలో సగానికి దిగితే వేరే లెక్క. ఇది ఏ రిజిస్టరులోనూ లేదు. ఆ గీతల అర్థం అతనితోనే పోతుంది.

కట్ట లోపలి రాతిపరుపు పక్కన పాత తూము ఇంకా నిలబడే ఉంది. రెండు నిలువు రాళ్లు, మధ్యన అడ్డరాళ్లు, కింద గుండ్రటి రంధ్రం ఉన్న బండ. ఆ రంధ్రంలో కొయ్య గూటం దిగేది. వాళ్ల నాయన ఆ గూటం ఎత్తేవాడు. నీరుగంటి. పంట కోసినప్పుడు కళ్లంలో కుప్పకు ఇంతని మేర ఇచ్చేవాళ్లు. "చెరువు నిండితే మా ఇంట్లో గాదె నిండినట్టే సార్. ఎండితే మాకూ ఎండినట్టే." ఇప్పుడితనికి జీతం ఒక ఏజెన్సీ ద్వారా వస్తుంది. ఎప్పుడొస్తుందో ఏజెన్సీకే తెలియాలి. చెరువు నిండినా అంతే, గండిపడినా అంతే.

పాతకాలమే బాగుండేదని రాసెయ్యడం సులువు. నీరుగంట్లలో ఎక్కువమంది దళితులు. మేర అడుక్కోవాల్సిన దానంలా ఉండేది, రెడ్డి కన్నెర్ర చేస్తే అదీ ఉండేది కాదు. కట్ట తెగితే ఊరి కూలీలను బలవంతంగా పనిలోకి దింపడానికి 1858లో మద్రాసు ప్రెసిడెన్సీకి చట్టమే వచ్చింది. రాయలసీమలో దశబంధం మాన్యాలుండేవి, చెరువు కట్టినవాడికీ బాగుచేసేవాడికీ దాని కింద భూమి ఇచ్చేవాళ్లు. 1956 ఇనాముల రద్దు చట్టం తర్వాత ఇనాము భూములు రైత్వారీ పట్టాల్లోకి మారిపోయాయి. రద్దు చేయాల్సిన వ్యవస్థే, నాకందులో సందేహం లేదు. కానీ మాన్యంతో పాటు మరమ్మతు బాధ్యత కూడా పోయింది. ఆ పని ఇక ఎవరు చెయ్యాలో తేల్చకుండానే దశాబ్దాలు గడిచాయి.

తేల్చలేదంటే పూర్తిగా న్యాయం కాదేమో. తేల్చారు, రెండుసార్లు, రెండు రకాలుగా. 1993లో అమల్లోకొచ్చిన 73వ రాజ్యాంగ సవరణ చిన్నతరహా నీటిపారుదలను పంచాయతీలకు అప్పగించదగ్గ పనుల జాబితాలో పెట్టింది. నాలుగేళ్లకు, 1997లో, మన రాష్ట్రం రైతుల సాగునీటి యాజమాన్య చట్టం చేసి నీటి వినియోగదారుల సంఘాలను తెచ్చింది. అంటే ఒకే చెరువుకు ఊళ్లో రెండు స్థానిక ప్రభుత్వాలు. సంఘాల ఎన్నికలు 2024 డిసెంబరులో మళ్లీ జరిగాయి. మా లస్కర్‌ను అడిగితే ప్రెసిడెంటు మంచోడేనన్నాడు. "మంచోడే గానీ ఆయనకు ఓటేసింది ఆయకట్టు రైతులు. చెరువు లోపల శనగ ఏసుకునేటోళ్లు, చేపలోళ్లు, బర్రెలోళ్లు ఆయన మాట యాడింటారు?"

ఆ లోపలి శనగ సంగతే అతని అసలు ఫిర్యాదు. కట్ట చివరికి తీసుకుపోయి చెయ్యి చాపి చూపించాడు. నీళ్లు వెనక్కు తగ్గిన చోట తుంగ, తర్వాత తడి బురద, అందులో కొంగలూ రెండు నారాయణ పక్షులూ. మమ్మల్ని చూసి ఒక తీతువు అరుస్తూ లేచింది. బురద దాటాక పచ్చటి శనగ. చెరువు పోరంబోకులో దిగిన సేద్యం. నీళ్లు తగ్గాక విత్తుకుని, వానలకు ముందే కోసుకుపోతే ఎవరికీ నష్టం లేదు, పేదవాళ్లు ఎప్పుడూ చేసుకునేదే. ఇప్పుడు చేస్తున్నది పేదవాళ్లు కాదు. ఏడాదికి రెండు సాళ్లు ముందుకు జరుగుతారట. సాలు పక్కన సాలు, తర్వాత ఒక గట్టు, గట్టు మీద కంప, కంప పక్కన బోరు, బోరుకు కరెంటు కనెక్షను. కనెక్షనొచ్చిందంటే ఆ పొలం ఇంక చెరువులోకి తిరిగి రాదు.

"అయితే ఏమయింది, మునుగుతుంది కదా" అన్నాను.

"మునగనియ్యరు సార్. రాత్రిపూట వచ్చి తూమెత్తి పోతారు. ఆ పక్కోనికి నీళ్లు జాస్తి ఉంటే కోపం, ఈ పక్కోనికి తక్కువుంటే కోపం. చేపల కాంట్రాక్టరు మొదట్లో నీళ్లు వదలొద్దంటాడు, చేపలు పట్టే దినాన మొత్తం వదలమంటాడు. నేనెవురికి జవాబు జెప్పల్ల?"

చక్రానికి గొలుసూ తాళమూ వేశాడు. తాళం అతని సొంత డబ్బుతో కొన్నదే. రెండుసార్లు పగలగొట్టారు. ఫిర్యాదు చేస్తే రెవెన్యూ వాళ్లు వచ్చి ఏడో సెక్షన్ నోటీసు ఇచ్చి పోయారు. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద ఖాళీ చేయించే ముందు ఇచ్చే నోటీసు అది. నోటీసు తీసుకున్న ఆసామి తర్వాత సంక్రాంతికి ఇతనికి పంచె పెట్టాడట. నవ్వుతూనే చెప్పాడు, అయినా ఆ నవ్వు నాకు నచ్చలేదు.

జలశక్తి శాఖ దేశంలో మొదటిసారి నీటి వనరుల గణన చేయించి 2023లో ప్రకటించింది. దేశమంతటా 24,24,540, అందులో ఆంధ్రప్రదేశ్‌వి 1,90,777. ఆక్రమణకు గురైనవి దేశం మొత్తమ్మీద నూటికి రెండు కూడా లేవట, 1.6 శాతం. ఈ అంకె చెప్పి లస్కర్ ముఖం చూశాను. "ఎవురు లెక్కబెట్టినారు? ఆక్రమించినోళ్లనే అడిగింటారులే" అన్నాడు.

ఇక్కడ నా చిరాకు చట్టం మీదికి మళ్లింది. చిత్తడి నేలల పరిరక్షణకు కేంద్రం 2010లో నిబంధనలు తెచ్చింది, 2017లో వాటి స్థానంలో కొత్తవి పెట్టింది. చదివితే బాగుంటాయి. ఆక్రమించకూడదు, చెత్త పొయ్యకూడదు, శుద్ధి చేయని మురుగు వదలకూడదు, గడిచిన పదేళ్ల సగటు వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపు పక్కా కట్టడం కట్టకూడదు. ఇంత కట్టుదిట్టంగా రాసినవాళ్లు నిర్వచనంలోనే కొన్నిటిని మినహాయించారు. నదీగర్భాలు, వరిమళ్లు, తాగునీటికీ సాగునీటికీ మనుషులు నిర్మించుకున్న జలాశయాలు ఇందులోకి రావు.

సాగుకోసం మనుషులు కట్టుకున్నవి రావు! మన వైపు దేవుడు తవ్విన చెరువు ఎక్కడుంది స్వామీ? కంభం చెరువు నుంచి ఈ పేరు రాయని ఊరి చెరువు దాకా అన్నీ మనుషులు మట్టి మోసి కట్టినవే, పొలాల కోసమే కట్టినవి. కొంగకు ఆ తేడా తెలియదు. 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్‌లో దేశాలు కూర్చుని రాసుకున్న ఒప్పందానికీ తెలియదు. సహజమైనా కృత్రిమమైనా చిత్తడి నేలేనని అందులో ఉంది. తమిళనాడులో వేడంతాంగళ్ మామూలు సాగునీటి చెరువు. పిట్టల రెట్ట కలిసిన నీళ్లు పైరుకు బలమని అక్కడి రైతులకు తెలుసు. పక్షులను సిపాయిలు కాల్చేస్తున్నారని వాళ్లు మొరపెట్టుకుంటే చెంగల్పట్టు కలెక్టరు లయనెల్ ప్లేస్ 1798లో వాళ్లకు రక్షణ పత్రం రాసిచ్చాడు. ఆ చెరువు 2022లో రామ్‌సర్ జాబితాకెక్కింది. మన రాష్ట్రానికి ఆ జాబితాలో 2002 నుంచీ కొల్లేరు ఒక్కటే. అది సహజమైన సరస్సు గనక దాని మీద జీవోలు, కోర్టులు, 2006లో గట్లు పడగొట్టిన యంత్రాలు. మిగతావాటికి ఊరివాళ్ల కాపలాయే దిక్కు. గుంటూరు పక్కన ఉప్పలపాడులో గూడబాతులనూ ఎర్రకాళ్ల కొంగలనూ ఆ ఊరివాళ్లే కాపాడుతున్నారు. వాళ్లను చూసి చట్టం నేర్చుకోవాల్సిందే గాని, చట్టం చూసి వాళ్లు నేర్చుకున్నది లేదు.

చెరువులకు వేరే చట్టాలున్నాయి కదా అని అధికారులు అంటారు. ఉన్నాయి. 2002లో వచ్చిన వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం ఉంది. ఊరుమ్మడి చెరువులనూ బీళ్లనూ ఆక్రమణల నుంచి విడిపించమని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఇన్ని ఉన్నా రాత్రిపూట తూము ఎత్తేవాడికి భయమెందుకు లేదంటే, నా లెక్కలో కారణం అధికారుల చేతగానితనమూ కాదు, లంచమూ కాదు. అవి ఉంటే ఉండవచ్చు. అసలు కారణం ఆళ్లగడ్డకు తూర్పున, కడప జిల్లా పోరుమామిళ్లలో ఒక చెరువు దగ్గర రాతి మీద చెక్కి ఉంది.

మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు పోరుమామిళ్ల చెరువు కట్టించాడు. 1369 నాటి శాసనం అది. రోజూ వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్లు పట్టిందని ఉంది. అక్కడితో ఆగకుండా, మంచి చెరువుకు ఏమేం కావాలో పన్నెండు లక్షణాలు ఏకరువు పెట్టాడు. జలశాస్త్రం తెలిసిన మనిషి, గట్టి బంకమట్టి నేల, తియ్యటి నీళ్ల నది, గట్టు తగిలే కొండ, చుట్టూ చదునైన పొలాలు, పని తెలిసిన కూలీలు, ఇట్లా. తర్వాత ఆరు దోషాలు. కట్టలోంచి నీళ్లు ఊరడం, చవుడు నేల, చెరువు మధ్యలో మెరక, నీళ్లు కొంచెమై పొలం ఎక్కువవడం, పొలం కొంచెమై నీళ్లు ఎక్కువవడం. ఇవన్నీ ఏ ఇంజనీరైనా చెప్తాడు. ఇంకొకటి ఇంజనీరు చెప్పేది కాదు: చెరువు రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం.

చవుడుకూ ఊటకూ పక్కనే దీన్ని పెట్టాడు చూడండి. ఒక రాజు కట్ట బాగుచేస్తే ఇంకో రాజు మనుషులు తూమెత్తుతారు. తగువు పడ్డప్పుడు ఇద్దరూ నాదే అంటారు, గండి పడ్డప్పుడు ఇద్దరూ నీదే అంటారు. చెరువు ఎంత మంచి చోట కట్టినా పొలిమేరలో పడితే పనికిరాదని ఆరున్నర శతాబ్దాల కిందటే రాతి మీద రాయించాడు. మనం చేసిందేమిటంటే రాష్ట్రంలోని ప్రతి చెరువునూ తీసుకొచ్చి ఐదారు రాజ్యాల పొలిమేరలో పెట్టాం. నేల ఒకరిది, నీళ్లొకరివి, చేపలొకరివి, దీపాలొకరివి, పిట్టలొకరివి. పంచాయతీ సర్పంచికి చెరువు గురించి అడిగితే వేలంపాట ఎంత పలికిందో చెప్తాడు. అతనికి సంబంధించినంతవరకు చెరువంటే అదే, అతని తప్పు లేదు.

ఇప్పుడు స్థానిక ప్రభుత్వాలు చిత్తడి నేలలను ఎలా కాపాడుతున్నాయి అనే ప్రశ్నకు నేను రాయగలిగిన జవాబు: పొలిమేరలో తమ వాటా మేరకు. కట్ట తమదైన మున్సిపాలిటీ కట్టను ముస్తాబు చేస్తుంది. చేపలు తమవైన పంచాయతీ చేపలను అమ్ముకుంటుంది. వాగు వచ్చే దారి, ఎక్కువైన నీళ్లు మరవ మీంచి పోయే దారి ఎవరి వాటాలోనూ పడలేదు, కాబట్టి అవి పోయాయి. ఆ పోయిన దారులే వరద వచ్చినప్పుడు ఇళ్లలోంచి పారతాయి.

దిగేముందు లస్కర్‌ను అడిగాను, నీకేం కావాలన్నా అని. జీతం నెలనెలా రావాలన్నాడు, అది ఎలాగూ అంటాడు. గ్రీజు డబ్బా అన్నాడు. తర్వాత కాసేపు ఆలోచించి, "రాళ్లు సార్" అన్నాడు. చెరువు నిండినప్పుడు నీళ్లు యాడదాకా వస్తాయో ఆడ చుట్టూ రాళ్లు పాతాల. నలభై రాళ్లుంటే చాలు. రాయి ఉంటే సాలు ముందుకు జరపడానికి కొంచెమన్నా జంకుతారు. ఈ మధ్యే రీసర్వే పేరుతో రాష్ట్రంలో లక్షల కొద్దీ గ్రానైట్ రాళ్లు తెప్పించారు. ఒక ప్రభుత్వం వాటి మీద పేరు చెక్కించింది, తర్వాతి ప్రభుత్వం చెరిపించే పనికి పూనుకుంది. అతని చెరువు గట్టున వాటిలో ఒక్కటీ లేదు.

ఆళ్లగడ్డలో రాయి కరువా? సాయంత్రం బస్సుకు ఇంకా పొద్దుంది. రోడ్డు పక్కన శిల్పుల షెడ్లలో కట్టర్ల రొద, గాలంతా తెల్లటి దుమ్ము. ఆంజనేయులు, వినాయకులు, వీరబ్రహ్మంగారు, మెడలో రాతి కండువాతో ఏదో ఊరి నాయకుడు, అందరూ వరసగా నిలబడి ఉన్నారు. ఒక షెడ్డులో ముక్కుకు గుడ్డ కట్టుకున్న శిల్పి అమ్మవారి చీర కుచ్చెళ్లు తీరుస్తున్నాడు. మిషను ఆపి ఉలి పట్టుకున్నాడు. సుత్తి పడుతున్న చప్పుడు లస్కర్ చక్రం కన్నా సన్నం, పని అదే: కొట్టి, ఆగి, వేలితో తడిమి, మళ్లీ కొట్టడం.

హద్దురాళ్లు చేస్తారా అని అడిగాను. నవ్వాడు. "దానికి శిల్పి ఎందుకు సార్, బండలు కొట్టేవాళ్లు చాలు. మేం చేస్తే ఖర్చెక్కువ." నలభై కావాలంటే? మూడడుగులవా, నాలుగడుగులవా అన్నాడు. నేల నల్లరేగడి అంటే నాలుగడుగులుండాల్సిందేనన్నాడు, లేకపోతే నేల ఉబ్బినప్పుడు వంగిపోతాయట. పైన ఏదైనా చెక్కాలా అన్నాడు. నేను ఊరికే అడుగుతున్నానని చెప్పేలోపే గూట్లోంచి ఆర్డర్ల పుస్తకం తీసి, దుమ్ము ఊది, పేజీ మీద ‘హద్దురాళ్లు – 40’ అని రాశాడు. తల ఎత్తకుండానే అడిగాడు: "బిల్లు ఎవరి పేరున రాసుకోవాల సార్? పంచాయతీనా, ఇరిగేషనా?"